స్టెరాయిడ్ మందులు - నిద్రలేని రాత్రులు: రోగులు, ఇంటివాళ్లు, దాతలు తెలుసుకోవలసిన విషయాలు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరోగ్యం మీద మాట్లాడమంటే షుగరు గురించో, గుండెపోటు గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఈ రోజు స్టెరాయిడ్ మందుల గురించి మాట్లాడతాను. మందుల సాయం కోసం మన దగ్గరకు వచ్చే చీటీల్లో ప్రెడ్నిసొలోన్ అనే పేరు తరచుగా కనబడుతుంది. వైసొలోన్, ఆమ్నాకార్టిల్ అనే పేర్లతో మీరు చూసేది ఈ మందే. ఆయాసం, కీళ్లవాతం, కిడ్నీ వాపు, లూపస్, ఒంటి మీద నీటిపొక్కులు లేచే పెంఫిగస్, కుష్ఠు వ్యాధిలో నరాలకు వచ్చే వాపు, మెదడు పొరలకు సోకిన టీబీ, ఇలా ఎన్నో జబ్బుల్లో ఇది ప్రాణాన్నో, అవయవాన్నో కాపాడుతుంది.

ఆ చీటీ పట్టుకుని వచ్చినవాళ్లు నెల తిరిగేసరికి చెప్పే మాట ఒకటుంది. "డాక్టర్ సాబ్, ఈ మాత్ర వేసుకుంటే రాత్రి కన్ను మూతపడటం లేదు, అందుకని మానేశాను." వినడానికి చిన్న ఫిర్యాదులా ఉంటుంది. నిద్రపోవడానికి మందు మానడం ఎవరికైనా సహజంగానే తోస్తుంది. కానీ ఈ మందును అలా మానితే మనిషి ప్రాణం మీదికి రావచ్చు. నిద్రలేమికి మార్గం ఉంది, మందు ఆపనవసరం లేదు అని చెప్పడానికే ఈ ప్రసంగం.

స్టెరాయిడ్ అంటే ఏమిటి?

స్టెరాయిడ్ అనగానే కండలు పెంచుకునేవాళ్ల సూదులు గుర్తుకొస్తాయి. అవి వేరు. మనం మాట్లాడుకునే మందు మన ఒంట్లో రోజూ తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోనుకు దగ్గరి బంధువు. రెండు కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు దాన్ని తయారుచేస్తాయి. రక్తపోటు నిలబడటానికి, రక్తంలో చక్కెర పడిపోకుండా ఉండటానికి, జ్వరం, దెబ్బ, ఆపరేషన్ లాంటి కష్టాన్ని ఒళ్లు తట్టుకోవడానికి అది కావాలి.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్లవాతంతో మంచానికి అంటుకుపోయిన ఒక యువతికి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకు, ఎడ్వర్డ్ కెండాల్‌కు, టాడియస్ రైక్‌స్టైన్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత కొద్ది కాలానికే దీని దుష్ప్రభావాలు కూడా బయటపడ్డాయి. మేలు, కీడు రెండూ ఒకే మాత్రలో ఉన్నాయని వైద్యులకు అప్పటి నుంచీ తెలుసు. కోవిడ్ కాలంలోనూ అదే చూశాం. డెక్సామెథసోన్ ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు తగ్గాయని 2020 జూన్‌లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. మరుసటి ఏడాది మన దగ్గర అదే మందును అవసరం లేనివారికి, ఎక్కువ మోతాదులో, షుగరు చూసుకోకుండా వాడటం బ్లాక్ ఫంగస్ విజృంభించడానికి ఒక కారణమైంది.

మన ఒళ్లు రోజూ తయారుచేసుకునే కార్టిసాల్ సుమారుగా 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో సమానం. 40 మిల్లీగ్రాములు రాశారంటే ఒంటికి మామూలుగా అందేదానికి ఎనిమిది రెట్లు ఇస్తున్నట్టు. మాత్ర సైజు చూసి మోసపోకూడదు. 4 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ మాత్ర ఒక్కటి 25 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ కంటే కాస్త ఎక్కువే.

నిద్ర ఎందుకు పోతుంది?

కార్టిసాల్‌కు అల్లాహ్ ఒక వేళను ఏర్పాటు చేశాడు. అర్ధరాత్రి ప్రాంతంలో అది బాగా తగ్గిపోతుంది. ఫజ్ర్ వేళకు పెరుగుతూ వచ్చి, ఉదయం ఆరు, ఎనిమిది గంటల మధ్య పైకి చేరుతుంది. తర్వాత మెల్లగా దిగుతుంది. తెల్లవారింది, లేచి పనిచూసుకో అని మెదడుకు ఒళ్లు పంపే కబురు ఇది. రాత్రి ఇషా నమాజు తర్వాత భోంచేసి స్టెరాయిడ్ మాత్ర వేసుకుంటే, పడుకోవలసిన వేళలో మెదడుకు తెల్లవారింది అన్న కబురు అందుతుంది. ఇక నిద్ర ఎలా పడుతుంది?

మా దగ్గరకు వచ్చే ఒక ఖాలా సంగతి చెబుతాను. రోజుకు 40 మిల్లీగ్రాములు రాశారు. ఏ మందైనా పొద్దున సగం, రాత్రి సగం వేసుకోవడం ఆమెకు అలవాటు. దీన్నీ అలాగే వేసుకుంది. పది రోజులు రాత్రంతా దుప్పటి కప్పుకోవడం, తీయడం, లేచి వంటింట్లో గిన్నెలు సర్దుకోవడం. ఆమెకు మందు రాసిన వైద్యుడితో ఫోనులో మాట్లాడి, మొత్తం మోతాదును పొద్దున టిఫిన్ తర్వాత ఒకేసారికి మార్చాం. వారం తిరిగేసరికి రాత్రి ఐదు గంటలు నిద్రపోతున్నానని చెప్పింది. కొత్త మందు ఏదీ ఇవ్వలేదు. ఉన్న మందు వేళ మాత్రమే మారింది.

అందరికీ ఇంత తేలికగా తేలదు. మోతాదు ఎక్కువైనప్పుడు పొద్దున వేసుకున్నా నిద్ర కొంత చెడుతుంది. ప్రెడ్నిసొలోన్ ప్రభావం పన్నెండు గంటల నుంచి ఒకటిన్నర రోజు దాకా ఉంటుంది. డెక్సామెథసోన్‌ది అంతకంటే ఎక్కువసేపు ఉంటుంది. మోతాదు తగ్గుతున్న కొద్దీ నిద్ర తిరిగి వస్తుందన్న సంగతి రోగికి ముందే చెప్పాలి. ఎంతకాలం ఓర్చుకోవాలో తెలిస్తే సగం బాధ తగ్గుతుంది.

నిద్ర కోసం ఏం చేయాలి?

మొదటిది, వేళ. రోజుకు ఒకసారి రాసిన మాత్రను ఉదయం ఏదైనా తిన్న తర్వాత వేసుకోవాలి. రెండుసార్లు రాస్తే, రెండోది మధ్యాహ్నం భోజనంతో వేసుకోవచ్చా అని వైద్యుణ్ణి అడగాలి. కొన్ని జబ్బుల్లో విడివిడిగా ఇవ్వడానికి కారణం ఉంటుంది కాబట్టి అడగకుండా మార్చవద్దు.

రెండోది, చాయ్. మన ఇళ్లలో అసర్ తర్వాత ఒకటి, మగ్రిబ్ తర్వాత ఒకటి, ఎవరైనా వస్తే ఇంకొకటి. స్టెరాయిడ్ వాడే రోజుల్లో మధ్యాహ్నం తర్వాత చాయ్, కాఫీ, కూల్‌డ్రింకులు మానడం మంచిది. గుట్కా, సిగరెట్లలోని నికోటిన్ కూడా నిద్రను చెడగొట్టేదే.

మూడోది, పగటి కునుకు. రాత్రి నిద్ర లేదని మధ్యాహ్నం మూడు గంటలు పడుకుంటే ఆ రాత్రి కూడా పోయినట్టే. జుహర్ తర్వాత అరగంట లోపు నడుం వాల్చండి, చాలు. పొద్దున ఎండలో కాసేపు నడవడం, రోజూ ఒకే వేళకు లేవడం ఒంటి గడియారాన్ని దారిలో పెడతాయి.

నాలుగోది, మంచం. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే అక్కడే పొర్లుతూ గడియారం చూసుకోవద్దు. లేచి, వెలుతురు తక్కువగా ఉన్న చోట కూర్చుని, కళ్లు బరువెక్కాక తిరిగి పడుకోవాలి. ఫోన్ మాత్రం చేతిలోకి తీసుకోవద్దు. ఆ వేళలో జిక్ర్ చేసుకోవచ్చు, రెండు రకాతులు చదువుకోవచ్చు. చాలామంది రోగులు దీనివల్ల మనసు కుదుటపడిందని చెబుతారు. అయితే ఒక జాగ్రత్త. నిద్ర పట్టకపోవడం ఈమాన్ బలహీనత కాదు. "దుఆ చేసి పడుకుంటే నిద్ర రాకపోవడం ఏమిటి?" అని రోగిని సూటిపోటి మాటలు అనవద్దు. అది మందు చేసే పని.

ఐదోది, రాత్రి పదే పదే మూత్రానికి లేవడం. దీన్ని వయసు మీద తోసేయకండి. స్టెరాయిడ్ వల్ల షుగరు పెరిగినా ఇలాగే అవుతుంది. నిద్రలేమి అని వచ్చినవారిలో కొందరికి అసలు సంగతి షుగరే.

ఆరోది, నిద్రమాత్ర. పక్కింటివాళ్లకు పనిచేసిందని తెచ్చి వేసుకోవద్దు. వైద్యుడు అవసరమనుకుంటే కొద్ది రోజులకు రాస్తారు. పెద్దవయసువాళ్లు నిద్రమాత్ర మత్తులో రాత్రి లేచి పడితే, స్టెరాయిడ్ వల్ల ముందే బలహీనపడ్డ ఎముక తేలికగా విరుగుతుంది.

మనసు మారినప్పుడు

ఇది మన సమాజంలో తప్పుగా అర్థమవుతున్న విషయం. స్టెరాయిడ్ మోతాదు ఎక్కువైన కొద్దీ మనసు మీద ప్రభావం పెరుగుతుంది. 1972లో బోస్టన్‌లో ఆసుపత్రి రోగుల మీద చేసిన పరిశీలనలో, రోజుకు 40 మిల్లీగ్రాములు, అంతకు లోపు ప్రెడ్నిసోన్ వాడినవారిలో నూటికి ఒకరికి తీవ్రమైన మానసిక మార్పులు కనబడితే, 80 మిల్లీగ్రాములు దాటినవారిలో నూటికి పద్దెనిమిది మందికి కనబడ్డాయి. ఎక్కువమందిలో ఇవి మొదటి ఒకటి రెండు వారాల్లోనే మొదలవుతాయి.

చిరాకు, ఊరికే కన్నీళ్లు రావడం, చిన్న మాటకే కోపం చాలామందిలో ఉంటాయి. ఇంటివాళ్లు సహనం పాటిస్తే సరిపోతుంది. కానీ రెండు గంటలే నిద్రపోయి కూడా అలసట లేకుండా తిరగడం, ఆపకుండా మాట్లాడటం, ఉన్న డబ్బంతా పంచేయడం, లేనిది కనబడటం, వినబడటం, అన్నంలో విషం కలిపారని అనుమానించడం, చనిపోవాలని అనడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ రోజే వైద్యుడికి చెప్పాలి. వేళ మించితే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు.

కిడ్నీ జబ్బుకు ఎక్కువ మోతాదు వాడుతున్న ఒక యువకుడు ఇలాగే రాత్రుళ్లు నిద్రపోకుండా అరవడం మొదలుపెట్టాడు. ఇంటివాళ్లు జిన్నాత్ అసర్ అనుకుని తావీజులు కట్టించి, గదిలో పెట్టి గొళ్లెం వేశారు. నాలుగు రోజులు గడిచాక, "ఈ పిల్లాడు ఈ మధ్య ఏమైనా కొత్త మందు వాడుతున్నాడా?" అని అడిగినవారు మసీదు ఇమామ్ సాబే. కిడ్నీ వైద్యుడు, మానసిక వైద్యుడు కలిసి మోతాదు సర్దారు. రెండు వారాల్లో కుర్రాడు మామూలు మనిషయ్యాడు. ఆ ఒక్క ప్రశ్నను మన ఇమాములందరూ, పెద్దలందరూ గుర్తుపెట్టుకోవాలని నా మనవి. దుఆ చేయించండి, తప్పు లేదు. దానితో పాటు మందుల చీటీ కూడా చూడండి.

తక్కిన ఇబ్బందులు

షుగరు సంగతి ముందు చెబుతాను. ఉదయం ప్రెడ్నిసొలోన్ వేసుకున్నవారికి చక్కెర మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పెరిగి, తెల్లవారేసరికి దిగుతుంది. పరగడుపు పరీక్ష చేయించుకుని "నార్మల్ వచ్చింది" అని నిశ్చింతగా ఉంటే మోసపోతాం. మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు, లేదా రాత్రి భోజనానికి ముందు చూడాలి.

ఆకలి విపరీతంగా పెరుగుతుంది. దానికి రోగిని తిండిపోతు అనకండి. ఆకలైనప్పుడు తినడానికి కీర, మజ్జిగ, ఉడికించిన గుడ్డు, శనగలు లాంటివి ఇంట్లో సిద్ధంగా ఉంచండి. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచి బీపీని పెంచుతుంది కాబట్టి ఊరగాయ, అప్పడం, బేకరీ సరుకులు తగ్గించాలి. మొహం గుండ్రంగా ఉబ్బడం, మొటిమలు రావడం, మెడ వెనుక కొవ్వు చేరడం ఆడపిల్లలను చాలా బాధపెడుతుంది. మోతాదు తగ్గాక కొన్ని నెలల్లో ఇవి చాలావరకు పోతాయి. పెళ్లి సంబంధాల కోసం మందు మాన్పించిన తల్లిదండ్రులు ఉన్నారు. మొహం వాపు పోతుంది, కిడ్నీ పోతే తిరిగి రాదు. ఇది వాళ్లకు మనం నచ్చజెప్పాలి.

ఎముకల బలం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే వేగంగా తగ్గుతుంది. మూడు నెలలు దాటి వాడవలసినవారు కాల్షియం, విటమిన్ డి గురించి, ఎముకలు గట్టిపడే మందుల గురించి మొదట్లోనే వైద్యుణ్ణి అడగాలి. తొడ కండరాలు సన్నబడి నేల మీద నుంచి లేవలేకపోవడం ఇంకొకటి. సజ్దా నుంచి లేవడం కష్టమైతే వైద్యుడికి చెప్పండి, అది కండరాల బలహీనతకు గుర్తు కావచ్చు. అప్పటిదాకా కుర్చీలో కూర్చుని నమాజు చేయడానికి సంకోచపడవద్దు. తుంటిలో కొత్తగా నొప్పి మొదలై తగ్గకపోతే ఆలస్యం చేయకండి. తుంటి ఎముకకు రక్తం అందక దెబ్బతినే జబ్బు ఈ మందుతో రావచ్చు.

కడుపు కోసం మాత్రను తిన్న తర్వాతే వేసుకోవాలి. దీనితో పాటు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కలిస్తే పేగుల్లో పుండు పడి రక్తం పోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. నల్లటి విరేచనం అయితే ఆసుపత్రికి పరుగెత్తాలి.

స్టెరాయిడ్ జ్వరాన్ని దాచిపెడుతుంది. లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నా పైకి కనబడకపోవచ్చు. తగ్గని దగ్గు, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష చేయించాలి. ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే, మునుపు అది రాని రోగిని దూరంగా ఉంచి వైద్యుడికి చెప్పాలి. కంటి చూపు మసకబారితే శుక్లమో, నీటికాసులో కావచ్చు. ఎక్కువకాలం వాడేవారు ఏడాదికోసారి కళ్లు చూపించుకోవాలి.

ఆయాసానికి పీల్చే ఇన్‌హేలర్ గురించి ఒక్క మాట. అందులోనూ స్టెరాయిడ్ ఉంటుంది, కానీ అది చాలా తక్కువ, నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పీల్చిన తర్వాత నీళ్లతో పుక్కిలించి ఉమ్మేస్తే నోట్లో తెల్లపూత రాదు. నేను చెప్పిన మాటలు విని ఎవరూ ఇన్‌హేలర్ పక్కన పెట్టకండి.

ఒక్కసారిగా ఆపడం అన్నిటికంటే ప్రమాదం

బయటి నుంచి స్టెరాయిడ్ వస్తున్నప్పుడు మన అడ్రినల్ గ్రంథులు పని మానుకుని నిద్రపోతాయి. మూడు వారాలు దాటి వాడిన తర్వాత ఒక్కసారిగా ఆపితే, నిద్రపోతున్న గ్రంథి వెంటనే లేవలేదు. ఒంట్లో కార్టిసాల్ అసలే ఉండదు. విపరీతమైన నీరసం, వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, చివరకు స్పృహ తప్పడం జరుగుతాయి. వెంటనే హైడ్రోకార్టిసోన్ సూది, సెలైన్ అందకపోతే మనిషి దక్కడు.

ఒక ఆటో నడిపే సోదరుడు నాలుగు నెలలు వాడి, మొహం ఉబ్బిందని, రాత్రి నిద్ర లేక పగలు స్టీరింగ్ మీద కునుకు వస్తోందని మాత్రలు ఆపేశాడు. వారం లోపల వాంతులు మొదలయ్యాయి. గ్యాస్ అనుకున్నారు. రెండో రోజుకు పడిపోయాడు. 108లో తీసుకొచ్చినప్పుడు అతని భార్య ఖాళీ మాత్రల అట్ట చేతిలో పట్టుకుని వచ్చింది. ఆ అట్ట చూసినందువల్లే డ్యూటీ డాక్టరుకు విషయం వెంటనే తెలిసింది, అల్లాహ్ దయవల్ల బతికాడు. ఆ బిడ్డల తండ్రి బతకడానికి కావలసింది ఆ క్షణంలో ఒక్క సమాచారం. అందుకే స్టెరాయిడ్ వాడే ప్రతి మనిషి జేబులో ఒక కార్డు ఉండాలి: మందు పేరు, మోతాదు, ఎప్పటి నుంచి వాడుతున్నారు, వైద్యుడి ఫోన్ నంబరు.

మోతాదు తగ్గించడం మెట్లు దిగినట్టు ఉండాలి. ఒక్కో మెట్టు ఎంత, ఎన్ని రోజులు అన్నది వైద్యుడే చెప్పాలి. జ్వరం, ఆపరేషన్, ప్రమాదం వచ్చినప్పుడు మోతాదు తాత్కాలికంగా పెంచవలసి రావచ్చు. వాంతులతో మాత్ర కడుపులో నిలవకపోతే ఇంట్లో కూర్చోకూడదు, సూది రూపంలో ఇప్పించుకోవాలి.

రంజాన్‌లో, హజ్ ప్రయాణంలో

రోగికి ఉపవాసాలు తర్వాత పూర్తిచేసుకునే సౌలభ్యాన్ని ఖుర్ఆన్‌లోని బఖరా సూరా ఇచ్చింది. కోలుకునే ఆశ లేని రోగికి ఫిద్యా ఉంది. ఎవరికి ఏది వర్తిస్తుందో ఉలమాలు చెబుతారు, ఆరోగ్యం అనుమతిస్తుందా లేదా అన్నది వైద్యుడు చెబుతాడు. ఇద్దరినీ రంజాన్‌కు నెల ముందే అడగండి. స్టెరాయిడ్‌తో పాటు షుగరు ఉన్నవారు, ఎక్కువకాలం వాడి అడ్రినల్ గ్రంథి బలహీనపడినవారు అడగకుండా రోజా ఉండటం చాలా ప్రమాదం.

వైద్యుడు అనుమతించినవారికి ఒక సూచన. రోజుకు ఒకసారి వేసుకునే మాత్రను ఇఫ్తార్‌కు మార్చుకోకండి. అలా మార్చుకుంటే తరావీహ్ తర్వాత ఇక నిద్ర ఉండదు. సహరీ భోజనంతో వేసుకుంటే ఒంట్లో సహజంగా కార్టిసాల్ పెరిగే వేళకు దగ్గరగా ఉంటుంది, కడుపులో అన్నమూ ఉంటుంది. ఇది కూడా మీ వైద్యుడికి చెప్పి చేయండి.

హజ్, ఉమ్రాలకు వెళ్లేవారు మాత్రలను సామానులో వేయకుండా చేతిసంచిలో, చీటీతో సహా పెట్టుకోవాలి. నాలుగు రోజులు అదనంగా తీసుకెళ్లాలి. టీకాలు వేయించుకునేటప్పుడు స్టెరాయిడ్ వాడుతున్నామని చెప్పాలి. కొన్ని రకాల టీకాలు ఎక్కువ మోతాదు వాడేవారికి పనికిరావు.

చీటీ లేని స్టెరాయిడ్

మోకాళ్ల నొప్పులకు ఇచ్చే పొట్లాల్లో, ఆయాసానికి అమ్మే పొడుల్లో, సన్నగా ఉన్న పెళ్లికూతురిని లావు చేస్తామనే మాత్రల్లో పేరు చెప్పకుండా స్టెరాయిడ్ కలిపి అమ్ముతుంటారు. ఒక్క రోజులో నొప్పి మాయమై, ఆకలి పెరిగి, మొహం నిండుగా కనబడి, రాత్రి నిద్ర పోయిందంటే అనుమానించండి. ఇలాంటి మందును నెలల తరబడి వాడి ఉంటే అదీ ఒక్కసారిగా ఆపకండి. పొట్లం తీసుకుని వైద్యుడి దగ్గరకు రండి.

దాతలకు నా మనవి

మామూలు ప్రెడ్నిసొలోన్ మాత్ర కొద్ది రూపాయలే. జన ఔషధి దుకాణాల్లో ఇంకా చౌక. అందుకే సాయం లెక్క వేసేటప్పుడు "ఈ రోగికి ఖర్చు పెద్దగా లేదు" అని చీటీ పక్కన పెడుతుంటాం. మాత్ర చౌకే, కానీ దాన్ని క్షేమంగా వాడించడం చౌక కాదు. షుగరు పరీక్ష, బీపీ, కాల్షియం, కంటి పరీక్ష, నెలనెలా పెద్దాసుపత్రికి వెళ్లిరావడానికి బస్సు చార్జీ, ఆ రోజు పోయిన కూలి, ఇవన్నీ కలిస్తే పేద కుటుంబం తట్టుకోలేదు. తట్టుకోలేక వాళ్లు మొదట ఆపేది వైద్యుడి దగ్గరకు వెళ్లడం. తర్వాత ఆపేది మాత్ర.

కాబట్టి నాలుగు పనులు చేద్దామని ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, స్టెరాయిడ్ వాడే రోగికి సాయం మంజూరు చేస్తే మధ్యలో తెగిపోకుండా, మోతాదు పూర్తిగా దిగేదాకా మంజూరు చేయాలి. మూడు నెలల సాయం ఇచ్చి నాలుగో నెల ఆపడం ఈ ఒక్క మందు విషయంలో సాయం చేయకపోవడం కంటే ప్రమాదం. రెండు, తెలుగులోనూ ఉర్దూలోనూ జేబు కార్డులు అచ్చువేయించి ప్రతి రోగికీ ఇవ్వాలి. మూడు, మొహల్లాకు ఒక గ్లూకోమీటరు, ఒక బీపీ మిషను ఉంచి, చదువుకున్న మన ఆడపిల్లలకు వాడటం నేర్పిస్తే వాళ్లే ఇంటింటికీ వెళ్లి చూస్తారు. నాలుగు, ప్రతి రోగికి ఒక మనిషిని తోడు పెట్టాలి. వారానికోసారి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడిగితే చాలు: మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నారు, నిద్ర ఎలా ఉంది, ఇంకా ఎన్ని మాత్రలు మిగిలాయి? ఈ నాలుగో పనికి డబ్బు అక్కరలేదు, పది నిమిషాల తీరిక ఉంటే చాలు. ఏ ఖర్చు జకాత్ నుంచి పెట్టవచ్చు, ఏది సదఖా నుంచి పెట్టాలి అన్నది మన ఉలమా పెద్దలు నిర్ణయిస్తారు.

రాత్రి రెండు గంటలకు ఊరంతా పడుకున్నాక మేలుకుని కూర్చున్న రోగికి, ఇది మందు వల్ల వచ్చింది, తగ్గుతుంది, పొద్దున ఫోన్ చేస్తే పలికేవాళ్లు ఉన్నారు అన్న ధైర్యం ఉండాలి. ఆ ధైర్యం ఉన్నవాడు మాత్రలు పారేయడు. మీరిచ్చే ప్రతి రూపాయి అలాంటి ధైర్యంగా మారాలని కోరుకుంటున్నాను.

అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక, వారికి సేవ చేస్తున్న ఇంటివాళ్లకు సహనం ఇచ్చుగాక, మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.

వస్సలామ్.